డబుల్స్ పార్ట్‌నర్ మారాక పాప షటిల్ అంటేనే ముఖం తిప్పేస్తోంది, మాన్పించాలా?

మీ ప్రశ్నను కుదించి మళ్లీ రాస్తున్నాను, చదివేవాళ్లకు అర్థం కావాలి కదా. మీరు తార్నాకలో ఉంటారు. పాపకు 14 ఏళ్లు, తొమ్మిదో తరగతి. చిన్నప్పటి నుంచి షటిల్ ఆడుతోంది. రెండేళ్లుగా నగరానికి అటు చివర ఉన్న అకాడమీలో పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండున్నర గంటలు, వారానికి ఆరు రోజులు ప్రాక్టీస్. నిరుడు డబుల్స్‌లో రాష్ట్ర స్థాయిలో సెమీస్ దాకా వెళ్లింది. మూడు నెలల క్రితం సార్ ఆమె పార్ట్‌నర్‌ను వేరే అమ్మాయితో జత చేశారు. అప్పటి నుంచి పొద్దున్నే కడుపునొప్పి, కోర్టులో నీరసంగా నిలబడి ఉండటం, ఓడిపోయినా ఏడవకపోవడం. సార్ "మెంటల్‌గా వీక్, గట్టిపడాలి" అంటున్నారు. మీ వారు "ఇంత ఖర్చు పెట్టాక ఇప్పుడు మానేస్తే ఎలా" అంటున్నారు. వచ్చే నెల టోర్నమెంట్‌కు ఎంట్రీ కూడా వేశారు. మాన్పించాలా, కొనసాగించాలా అని అడిగారు.

అమ్మా, ఇందులో నాకు అన్నిటికన్నా గట్టిగా తగిలిన మాట "ఓడిపోయినా ఏడవడం లేదు" అన్నది. పద్నాలుగేళ్ల పిల్ల ఓడిపోయి ఏడిస్తే, రాకెట్ విసిరికొడితే, సార్ మీద విసుక్కుంటే నేను పెద్దగా కంగారుపడను. ఆట మీద ఇంకా పట్టింపు ఉందన్నమాట. ఓడిపోయి, కిట్ సర్దుకుని, "తినడానికి ఏమైనా ఉందా" అని మామూలుగా అడిగే పిల్ల పక్కన మాత్రం కాసేపు కూర్చోవాలి.

మీకు నా జవాబు: ఇప్పుడు ఏదీ తేల్చకండి. మాన్పించొద్దు, తోయొద్దు. ఓ ఆరు వారాలు ప్రాక్టీస్ బాగా తగ్గించండి. ఆ ఆరు వారాల్లో పాప ఫుట్‌వర్క్ సంగతి పక్కనపెట్టి, ఆ హాల్లో ఆమెకు ఎవరున్నారు, ఎవరు లేరు అన్నది చూడండి. చాలా ఏళ్లు కోచింగ్ చేసి, ఇప్పుడు ఆడే పిల్లలతోనూ వాళ్ల తల్లిదండ్రులతోనూ మాట్లాడే పనిలో ఉన్నాను. నేను చూసినంతలో ఈ వయసు పిల్లలు ప్రాక్టీస్ ఎక్కువై మానేయడం కన్నా, హాల్లో తోడు లేక మానేయడమే ఎక్కువ. ఆ రెండోది మాత్రం వాళ్లు నోటితో చెప్పరు.

అయితే అంతకన్నా ముందు రెండు విషయాలు తేల్చుకోవాలి. మొదటిది ఒంట్లో ఏమైనా ఉందా అన్నది. ఒకసారి డాక్టర్‌కు చూపించి రక్తపరీక్ష చేయించండి. ఈ వయసు ఆడపిల్లల్లో ఐరన్ లోపం చాలా మామూలు. నెలసరి మొదలై, సరిగ్గా తినక, రోజుకు రెండుపూటలా ఆడే పిల్లకు హిమోగ్లోబిన్ తగ్గితే ఆమెను చూసినవాళ్లు అచ్చం "బద్ధకం" అనే అంటారు. థైరాయిడ్ కూడా చూపించండి. నెలసరి ఆగిపోవడం, వరుసగా తప్పడం లాంటివి ఉంటే డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. ఖర్చయ్యే శక్తికి సరిపడా తిండి తినని ఆటగత్తెల్లో అలా జరుగుతుంది. ఇంకోటి, ఒక్కసారిగా ఎత్తు పెరిగిన పిల్లలకు కాలూ చెయ్యీ మునుపటిలా చెప్పినట్టు వినవు. నిన్నటిదాకా అందిన షటిల్ ఇవాళ అందదు. అది కొన్నాళ్లకు అదే సర్దుకుంటుంది, కానీ పిల్లకు ఆ సంగతి ఎవరైనా చెప్పాలి కదా. లేకపోతే "నాకు ఆట రావడం లేదు" అనుకుంటుంది.

రెండోది చెప్పడానికి కష్టంగా ఉన్నా చెప్పాలి. ఇన్నాళ్లూ ఇష్టంగా వెళ్లిన చోటుకు పిల్ల ఒక్కసారిగా వెళ్లనంటే, అక్కడ ఎవరైనా తప్పుగా ప్రవర్తిస్తున్నారా అన్నది కూడా అడగాలి. కోచ్ కావచ్చు, ఫిట్‌నెస్ ట్రైనర్ కావచ్చు, డ్రైవర్ కావచ్చు, సీనియర్ ఆటగాడు కావచ్చు. మీరూ పాపా ఇద్దరే ఉన్నప్పుడు, తీరిగ్గా, "ఎవరైనా నీకు ఇబ్బందిగా అనిపించేలా మాట్లాడారా, తాకారా? ఏం జరిగినా నీ తప్పు కాదు, నేను కోప్పడను" అని నేరుగా అడగండి. మీరు రాసినదాన్ని బట్టి ఇక్కడ అలాంటిది ఉన్నట్టు నాకు అనిపించడం లేదు, కానీ నా అనిపించడంతో పని లేదు, అడగాల్సిందే. ఏదైనా ఉంటే అకాడమీతో రాజీల జోలికి వెళ్లకుండా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

ఈ రెండూ కావని తేలాక అసలు విషయానికి వద్దాం.

ఒట్టి అలసట వేరు, ఆట మీద మనసు విరిగిపోవడం వేరు. రెండో దాన్నే బర్నౌట్ అంటున్నారు. ఆటగాళ్లలో దీన్ని కొలవడానికి థామస్ రేడెకీ, అలన్ స్మిత్ అనే పరిశోధకులు 2001లో 15 ప్రశ్నల పట్టిక ఒకటి తయారుచేశారు. ఇప్పటికీ ఈ రంగంలో ఎక్కువగా వాడేది అదే. అందులో వాళ్లు మూడు విషయాలు చూస్తారు. ఒళ్లూ మనసూ రెండూ అలసిపోవడం ఒకటి. ఎంత ఆడినా ముందుకు పోవడం లేదనే భావన రెండోది. ఒకప్పుడు ప్రాణంగా చూసుకున్న ఆట మీద "ఆడితే ఎంత, ఆడకపోతే ఎంత" అన్న నిర్లిప్తత మూడోది. మొదటి దానికి నిద్ర, విశ్రాంతి మందు. రెండోది మంచి కోచ్ చేతిలో ఉంటుంది. మూడోది మొదలైందంటే మాత్రం ఇంట్లోవాళ్లు మేలుకోవాలి. మీ పాప ఏడవకపోవడం నాకు ఆ మూడో దాని ఛాయలా కనిపిస్తోంది. చూడకుండా తేల్చి చెప్పలేను, అనుమానం మాత్రం గట్టిగానే ఉంది.

అదే రేడెకీ అంతకుముందు, 1997లో, టీనేజీ ఈతగాళ్ల మీద చేసిన అధ్యయనం ఒకటి ఉంది. మీ వారికి ఇది చెప్పండి. ఇష్టంతో ఆటలో ఉన్న పిల్లల కన్నా, ఇష్టం తగ్గినా బయటపడలేక ఆటలో ఉండిపోయిన పిల్లల్లో బర్నౌట్ లక్షణాలు ఎక్కువ కనిపించాయి. ఇద్దరూ అదే కొలనులో ఈదుతారు, బయటివాళ్లకు తేడా తెలియదు. మింగలేక కక్కలేక ఉండే ఆ రెండో రకంలోకి పిల్లలు ఎలా వెళ్తారంటే, చాలావరకు మన మాటల వల్లే. "నీ కోసం నాన్న ఓవర్‌టైమ్ చేస్తున్నాడు", "ఫెదర్ షటిల్ డబ్బా ఎంతో తెలుసా", "ఈ ఒక్క ఏడాదిలో నీ మీద పెట్టిన డబ్బుతో ప్లాటు అడ్వాన్స్ కట్టొచ్చు". మనం విసుగులో అనేసి మర్చిపోతాం. పిల్ల మాత్రం ఆ లెక్క మర్చిపోదు. ఇక ఆడటం మానేయాలంటే ఆమెకు అది ఆట మానడంలా ఉండదు, అప్పు ఎగ్గొట్టడంలా ఉంటుంది.

మీ వారిని నేను తప్పు పట్టడం లేదు. ఫీజులు, గట్టింగు (రాకెట్‌కు తీగలు బిగించడం), షూలు, టోర్నమెంట్ ప్రయాణాలు, స్కూల్లో ప్రత్యేక అనుమతులు, ఇవన్నీ నిజమైన భారాలే. ఆ బాధ గురించి మీరిద్దరూ మాట్లాడుకోండి, పాప నిద్రపోయాక. ఆమెతో మాత్రం ఆయన ఒక్క మాట అంటే చాలు: "డబ్బు సంగతి మాది. నువ్వు ఆడినా, మానినా ఆ లెక్క నీ మీద ఉండదు." ఈ మాట నాన్న నోట రావాలి, మీ నోట వస్తే సగమే పనిచేస్తుంది. ఎందుకంటే ఖర్చు మాట అన్నది ఆయన.

ఇక పార్ట్‌నర్ సంగతి. నిజానికి నేను ఈ జవాబు రాయడానికి కూర్చున్నదే దీని కోసం.

పెద్దవాళ్లకు డబుల్స్ పార్ట్‌నర్ మారడం అంటే టీమ్‌లో చిన్న సర్దుబాటు. పద్నాలుగేళ్ల పిల్లకు ఏమేం పోయాయో ఒకసారి లెక్కేయండి. కోర్టులో "నాది", "నీది" అని అరుచుకునే గొంతు పోయింది. టోర్నమెంట్లకు వెళ్లేటప్పుడు రైల్లో పక్క బెర్తు పోయింది, రూమ్‌లో పక్క మంచం పోయింది, టిఫిన్ బాక్సులో సగం పోయింది. సార్ తిట్టినప్పుడు వెనక్కి తిరిగి కళ్లతో నవ్వుకునే మనిషి పోయింది. ఇలా ఆడే పిల్లలకు స్కూల్లో స్నేహితులు అప్పటికే పలచబడిపోయి ఉంటారు. సగం రోజులు స్కూలే ఉండదు మరి. అంటే ఉన్న ఒక్క స్నేహమూ ఆ హాల్లోనే ఉంది, ఇప్పుడు అది రెండు కోర్టుల అవతల వేరే అమ్మాయితో కలిసి ఆడుతోంది. రోజుకు నాలుగున్నర గంటలు దాన్ని చూస్తూ ఫుట్‌వర్క్ చేయాలి.

ఈ బాధను పిల్ల బయటికి చెప్పదు. "ఆమె నాతో మాట్లాడటం లేదు" అనడం చిన్నపిల్లల గొడవలా ఉంటుందని సిగ్గు. పైగా తనలో అసూయ ఉందని తనకు తెలుసు, దానికి ఇంకా సిగ్గు. కడుపునొప్పి చెప్పడం సులువు. అది అబద్ధం కూడా కాదు, నిజంగానే నొప్పి వస్తుంది.

షటిల్ హాల్లో ఇంకో చిక్కు ఉంది. సార్ "జోడీలు కట్టండి, హాఫ్ కోర్ట్" అనగానే పిల్లలే జతలు ఎంచుకునే అలవాటు చాలా చోట్ల ఉంది. బాగా ఆడేవాళ్లు బాగా ఆడేవాళ్లతో వెళ్లిపోతారు. ఫామ్ పోయిన పిల్లతో ఆడితే తన ప్రాక్టీస్ పాడవుతుందని మిగతావాళ్లు తప్పుకుంటారు. చివరికి బేసి సంఖ్యలో మిగిలిన ఒక్క పిల్ల షటిల్ లేకుండా షాడో చేసుకుంటూనో, చిన్న బ్యాచ్ పిల్లలకు షటిల్స్ అందిస్తూనో ఉండిపోతుంది. రోజూ జరిగే ఈ చిన్న ఎంపికలో ఎవరు మిగిలిపోతున్నారో ఒక వారం గమనించండి. గ్యాలరీలో కూర్చునే తల్లిదండ్రులు స్కోర్లు చూస్తారు, ఇది చూడరు. మీ పాప "కోర్టులో నిలబడి ఉంటుంది" అని రాశారు కదా. నీరసంతో నిలబడిందా, తనను ఎవరూ పిలవక నిలబడిందా? అది తెలిస్తే సగం జవాబు దొరికినట్టే.

పిల్లలు ఆటలో ఎందుకు ఉంటారన్న దాని మీద ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్‌ల సిద్ధాంతం ఈ రంగంలో అందరికీ తెలిసిందే. మనిషి ఒక పనిలో ఇష్టంగా నిలబడాలంటే మూడు కావాలి: ఇది నేను ఎంచుకున్నదే అన్న భావన, నాకు ఇది చేతనవుతోంది అన్న నమ్మకం, ఇక్కడ నావాళ్లున్నారు అన్న ధీమా. జత విడదీసిన తీరు చూస్తే మీ పాపకు ఆ మూడూ ఒకేరోజు పోయినట్టున్నాయి. ఎవరూ ఆమెను అడగలేదు, నువ్వు సరిపోవు అని అర్థమయ్యేలా చేశారు, స్నేహితురాలిని తీసుకెళ్లారు. ఇంత జరిగాక "గట్టిపడు" అంటే దేన్ని పట్టుకుని గట్టిపడాలి?

సార్ పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. జతలు మార్చే హక్కు కోచ్‌కు ఉంది, చాలాసార్లు కారణాలూ ఉంటాయి. ఒక అమ్మాయి పుట్టిన సంవత్సరాన్ని బట్టి అండర్-15 నుంచి అండర్-17కి వెళ్లిపోతుంటే పాత జత ఎలాగూ నిలవదు. నెట్ దగ్గర బాగా ఆడే ఇద్దరి కంటే ఒకరు వెనక నుంచి కొట్టేవాళ్లయితే జత కుదురుతుంది. మనకు దగ్గరి ఉదాహరణే ఉంది. అమలాపురం కుర్రాడు సాత్విక్‌సాయిరాజ్‌ను, ముంబై కుర్రాడు చిరాగ్ శెట్టిని జత చేసింది అప్పటి డబుల్స్ కోచ్ టాన్ కిమ్ హర్. అప్పటికి ఇద్దరూ వేరేవాళ్లతో ఆడుతున్నారు. ఆ జతే 2022లో థామస్ కప్ (పురుషుల జట్ల ప్రపంచ పోటీ) గెలిచిన జట్టులో ఉంది, 2023లో ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చింది, ప్రపంచ నంబర్ వన్ అయ్యింది. కోచ్‌లందరూ ఈ కథ చెప్తారు, నేనూ చెప్తుంటాను. కానీ ఇలాంటి ప్రతి కథలోనూ పార్ట్‌నర్ లేకుండా మిగిలిన ఇంకో ఇద్దరు ఉంటారు. వాళ్లకు ఆ రోజు ఎవరు ఏం చెప్పారన్నది ఎవరూ అడగరు. మీ ఇంట్లో ఉన్నది ఆ మిగిలిన పిల్ల.

అందుకే సార్ దగ్గరికి వెళ్లినప్పుడు "పాత జత మళ్లీ కలపండి" అని అడగొద్దు. కలపరు, కలిపినా ఆ అమ్మాయికి కోపం వస్తుంది. జత ఎందుకు మార్చారో కారణాన్ని పాపకు ఆయనే, మీరు లేకుండా, రెండు నిమిషాలు చెప్పమనండి. ఇప్పుడు ఆమె ఎవరితో ఆడాలో, కనీసం ఎన్నాళ్లో స్పష్టంగా చెప్పమనండి. అండర్-17లో ఎవరైనా నెమ్మదస్తురాలైన అక్కతో కొన్నాళ్లు ఆడిస్తే చాలా బాగుంటుంది. ఆ వయసులో ఒక అక్క "బాగా ఆడావే" అంటే మనం నెల రోజులు చెప్పిన దానితో సమానం. ఇక స్పారింగ్ (ఎదురెదురుగా ఆడే ప్రాక్టీస్) జతలు పిల్లలు ఎంచుకోకుండా ఆయనే బోర్డు మీద రాసి పెట్టగలరా అని అడగండి. దీనికి పైసా ఖర్చు లేదు, హాల్ వాతావరణం వారంలో మారుతుంది.

ఆయన ఎలా తీసుకుంటారన్నది మీరు ఎప్పుడు, ఎక్కడ అడిగారన్న దాన్ని బట్టి ఉంటుంది. బ్యాచ్ నడుస్తుండగా, నలుగురు తల్లిదండ్రుల ముందు అడిగితే ఏ సారైనా మొండికేస్తాడు. మధ్యాహ్నం ఖాళీగా ఉన్నప్పుడు వెళ్లండి, కంప్లైంట్‌లా మొదలుపెట్టకండి. "పాప ఇంట్లో ఇలా ఉంది, మీకు హాల్లో ఎలా కనిపిస్తోంది?" అని అడగండి. మంచి కోచ్ అయితే మీకు తెలియని నాలుగు సంగతులు చెప్తాడు. ఇంత చెప్పినా "ఇక్కడ అందరూ ఇలాగే తట్టుకున్నారు" అనే మాట తప్ప ఇంకేం రాకపోతే, అప్పుడు అకాడమీ మార్చడం గురించి ఆలోచించాలి. పిల్లల్ని వరుసలో నిలబెట్టి ఒకరితో ఒకరిని పోల్చే చోట గెలిచే పిల్లలకు కూడా టెన్షనే. నిన్నటి తనకన్నా ఇవాళ ఎంత మెరుగైందో చూపించే చోట ఓడిన పిల్ల కూడా మర్నాడు వస్తుంది.

ఇంకో ప్రశ్న అడుగుతాను, ఏమీ అనుకోకండి. పాత పార్ట్‌నర్ వాళ్ల అమ్మతో మీరు మాట్లాడుతున్నారా? మూడు నెలల క్రితం వరకు ఇద్దరూ ఒకే కారులో వచ్చి ఉంటారు, గ్యాలరీలో పక్కపక్కన కూర్చుని ఉంటారు. ఇలాంటి చోట్ల పిల్లల కన్నా ముందు అమ్మల మధ్య మాటలు ఆగిపోతాయి. పిల్లలు అది చూసి తామూ ఆపేస్తారు. మాట్లాడితే అమ్మను మోసం చేసినట్టని పాపం అనుకుంటారు. ఆ జతను మార్చింది ఆ పిల్ల కాదు, వాళ్ల అమ్మా కాదు. బహుశా ఆ పిల్లకు కూడా మీ పాప ముఖం చూడటం ఇబ్బందిగానే ఉండి ఉంటుంది. ముందు మీరు ఫోన్ చేయండి. క్షమాపణలు, పంచాయితీలు ఏమీ వద్దు. ఒక ఆదివారం ఇద్దరు పిల్లల్నీ ఎక్కడికైనా తీసుకెళ్లి, షటిల్ ఊసెత్తకుండా తిండి తినిపించి తీసుకురండి. స్నేహం పూర్తిగా అతుక్కుంటుందని మాట ఇవ్వలేను, కానీ హాల్లో ఎదురుపడితే తల తిప్పుకోకుండా ఉంటే చాలు. అకాడమీ పిల్లల వాట్సాప్ గ్రూపులో ఏం నడుస్తోందో కూడా నెమ్మదిగా కనుక్కోండి, ఫోన్ లాక్కుని కాదు సుమా.

ప్రాక్టీస్ గంటల మాట త్వరగా చెప్పేస్తాను. మీ లెక్కన వారానికి 27 గంటలు అవుతోంది. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం వారానికి ఒకటి రెండు రోజులు, ఏడాది మొత్తంలో మూడు నెలలు (ఒకేసారి కాకపోయినా నెల చొప్పున) ప్రధాన ఆటకు సెలవివ్వమంటుంది. వారానికి ఆడే గంటలు పిల్ల వయసును దాటితే గాయాల ముప్పు పెరుగుతుందన్నది డాక్టర్లు వాడే మోటు లెక్క, ఆ లెక్కన మీ పాపకు 14. మన దగ్గర ఈ మాట అంటే కోచ్‌లు నవ్వుతారని నాకు తెలుసు. ఆరు వారాల పాటైనా సాయంత్రం బ్యాచ్ మాత్రమే ఉంచి, పొద్దున పడుకోనివ్వండి. ఈ వయసుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. తెల్లవారకముందే లేచి నగరం దాటి వెళ్లే పిల్లకు ఆరు గంటలు దక్కితే గొప్ప.

"సింధు కూడా మారేడ్‌పల్లి నుంచి గచ్చిబౌలికి రోజూ వెళ్లింది కదా" అని ఎవరో ఒకరు మీకు ఈపాటికి అనే ఉంటారు. నిజమే, వెళ్లింది. అయితే ఆమె అమ్మానాన్నలిద్దరూ వాలీబాల్ ఆడినవాళ్లు. నాన్న రమణ గారు 1986 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో ఉన్నారు, అర్జున అవార్డు అందుకున్నారు. అలసిన ఒళ్లు ఎలా ఉంటుందో, మనసు రాని రోజు ఎలా ఉంటుందో తెలిసిన ఇల్లు అది. పైగా అలాగే తెల్లవారుజామున నగరం దాటి వెళ్లి, మధ్యలో ఆగిపోయిన పిల్లల పేర్లు పేపర్లో రావు కాబట్టి దూరం ఎవరికీ అడ్డు కాదనిపిస్తుంది. ఆ దూరం గురించి ఇంకో చిన్న మాట: తిరుగు ప్రయాణంలో కారులో మ్యాచ్ పోస్టుమార్టం ఆపేయండి. గంటకు పైగా తలుపులు మూసిన చోట తప్పించుకోలేని పిల్లతో ఆ మాటలు వద్దు. తనే ఎత్తితే వినండి.

కొన్నాళ్లు ఆపితే వెనకబడిపోతుందన్న భయం మీకు ఉంటుంది. ఆస్ట్రేలియా టెన్నిస్ క్రీడాకారిణి యాష్ బార్టీ 2014లో, 18 ఏళ్లకు, ఆట పక్కన పెట్టేసింది. కొన్నాళ్లు ఇంట్లో ఉండి, తర్వాత క్రికెట్ జట్టులో చేరి బ్రిస్బేన్ హీట్ తరఫున ఆడింది. 2016లో టెన్నిస్‌కు తిరిగొచ్చి 2019లో ఫ్రెంచ్ ఓపెన్, 2021లో వింబుల్డన్, 2022లో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచింది. ఆ వెంటనే, నంబర్ వన్‌గా ఉండగానే, 25 ఏళ్లకు రిటైర్ అయింది. విరామం తీసుకుంటే ఛాంపియన్లు అవుతారని చెప్పడానికి దీన్ని ఎత్తలేదు. మొదటిసారి వెళ్లిపోవడం, తిరిగి రావడం, చివరికి మళ్లీ వెళ్లిపోవడం మూడూ ఆమె నిర్ణయాలే. ఒంటరి ఆట నుంచి బయటికొచ్చినప్పుడు ఆమె వెళ్లింది జట్టుగా ఆడే ఆటలోకి. మీ పాపకు కూడా ఈ ఆరు వారాల్లో స్కోరు లేని ఆట ఏదైనా దొరకనివ్వండి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పిల్లలతో క్రికెట్ అయినా సరే.

ఆట తప్ప ఇంకేమీ లేని పిల్లలకు ఆటలో దెబ్బ తగిలితే మొత్తం కూలిపోయినట్టు ఉంటుంది. జే కోక్లీ అనే సామాజికవేత్త పెద్ద స్థాయికి వెళ్లి మానేసిన పిల్లలతో మాట్లాడి 1992లో రాసింది దాదాపు ఇదే. తప్పు ఆ పిల్లల బలహీనతలో లేదు, "ఆటగాడు" తప్ప వేరే గుర్తింపు లేకుండా, తమ జీవితం మీద తమకే మాట లేకుండా పెంచిన పద్ధతిలో ఉంది అన్నాడాయన. మన ఇళ్లల్లో పెళ్లికి వెళ్తే బంధువులందరూ "మా ఛాంపియన్ వచ్చింది" అంటారు, ఆ పిల్లను ఇంకేమీ అడగరు. దసరా సెలవులు క్యాంపుకు, సంక్రాంతి సెలవులు టోర్నమెంటుకు పోతాయి. ఈసారి బతుకమ్మ తొమ్మిది రోజులూ ఆమెను కాలనీ పిల్లలతో ఉండనివ్వండి. రాకెట్ లేకుండా కూడా తనను పిలిచేవాళ్లు ఉన్నారని తెలియాలి.

ఆరు వారాల తర్వాత పాపను అడగండి. అప్పుడు "నాకు ఇక వద్దు" అంటే నమ్మండి. పదో తరగతి సాకు పెట్టి మెల్లగా తప్పించడం కాకుండా, సార్ దగ్గరికి వెళ్లి దండం పెట్టి, చెప్పి రావాలి. అలా వస్తే రేపు ఇంటర్‌లోనో డిగ్రీలోనో కాలేజీ టీమ్‌కు ఆడాలనిపిస్తే తలుపు తెరిచే ఉంటుంది. కిట్‌బ్యాగ్ అటక మీద పెట్టండి, వెంటనే ఓఎల్ఎక్స్‌లో పెట్టకండి. "ఆడతాను, కానీ సింగిల్స్ మాత్రమే" అన్నా, "ఆడతాను, కానీ దగ్గరున్న అకాడమీలో" అన్నా అది మంచి సంకేతమే. బేరమాడుతోందంటే ఇంకా కావాలనే కదా.

ఈలోగా తిండి మానేయడం, గదిలోంచి రాకపోవడం, "నేను లేకపోతే అందరికీ హాయి" లాంటి మాటలు వస్తే ఆరు వారాలు ఆగొద్దు. అదే రోజు పిల్లల మానసిక వైద్యులకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, ఫీజు ఉండదు.

చివరగా వచ్చే నెల ఎంట్రీ. ముందు పాపనే అడగండి. వద్దంటే గడువులోపు, డ్రా (ఎవరు ఎవరితో ఆడాలన్న పట్టిక) పడకముందే, విత్‌డ్రా చేయించండి. ఆలస్యమైతే అవతలి జతలకూ ఇబ్బంది, మీకూ మాట. డబుల్స్‌లో ఇప్పుడు ఎవరితో పేరు ఇచ్చారో ఆ అమ్మాయి ఇంటికి మీరే ఫోన్ చేసి చెప్పండి, వాళ్లు లిస్టు చూసి తెలుసుకోకూడదు. లేకపోతే ఈ కథే ఇంకో ఇంట్లో మొదలవుతుంది. ఒకవేళ పాప "లేదు, ఆడతాను" అంటే ఆడనివ్వండి. సింగిల్సో, డబుల్సో ఒక్కటే, ఏదన్నది తనే చెప్పాలి. ఆ రెండు రోజులూ ఫ్యామిలీ గ్రూపులో డ్రా ఫొటోలు, స్కోర్లు పెట్టొద్దని మీ వారికి ముందే చెప్పండి.